కూల్‌డ్రింక్ టిన్నుతో పెన్ను చేసుకుని బొమ్మలేయటం ఎలా

బొమ్మలేసే అలవాటున్నోళ్ళకి ఒక పెన్ను గురించి చెప్పాలండి. ఇది షాపులో కొనేది కాదు, ఖాళీ కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి, మడతపెట్టి, పుల్లకి కట్టుకునేది. అసలు ఇది కాలిగ్రఫీ వాళ్ళ సరుకు, పెద్ద పెద్ద అక్షరాలు విసురుగా రాయటానికి వాడతారు, కోలా పెన్ అంటారు, కొంతమంది ఫోల్డెడ్ పెన్ అంటారు. అక్షరాల కోసం పుట్టిన పెన్నుతో బెజవాడ ఘాట్లు, కొండలు, బళ్ళు గీస్తే ఎట్టా ఉంటుందో అని మొదలుపెట్టాను, ఇప్పుడు స్కెచింగ్‌కి బయల్దేరితే సంచిలో ముందు పడేది ఇదే. ఎట్టా చేసుకోవాలో, ఎట్టా పట్టుకోవాలో, మన ఊళ్ళో దేని మీద ట్రై చేస్తే బాగా దారికొస్తుందో మొత్తం రాస్తున్నాను.

ముందు ఎందుకు ఇదే అనేది చెప్తాను. బాల్ పెన్ను గానీ జెల్ పెన్ను గానీ ఒకటే మందం గీత ఇస్తుంది, నీడ కావాలంటే పక్కపక్కనే గీతలు గీకుతూ కూర్చోవాలి. ఈ టిన్ను పెన్ను అట్టా కాదు, ముక్కు మీద నిలబెడితే వెంట్రుకంత గీత, అదే పెన్నుని పక్కకి వాలిస్తే వేలంత మందం పట్టీ, రెండూ ఒకే గీతలో కూడా వచ్చేస్తాయి. మన ఎండ సంగతి తెలుసుగా, పదింటికల్లా నీడలు కత్తితో కోసినట్టు నల్లగా పడతాయి, అట్టాంటి నీడల్ని ఒక్క ఈడ్పుతో పెట్టెయ్యొచ్చు. ఇంకోటి, దీంతో గీసేటప్పుడు ముందు అంచులు గీసి తర్వాత లోపల నింపుదాంలే అనే అలవాటు పనిచెయ్యదు. నలుపు ఎక్కడుంది అనేది ముందు వెతకాలి, అది పెట్టేశాక మిగతాది సన్న గీతలతో అందుకోవాలి. నా లెక్కలో ఈ పెన్ను వల్ల వచ్చే అసలు లాభం ఇదే.

ఇది పనిచేసే పద్ధతి మాత్రం కొత్తదేం కాదు. పాత డ్రాయింగ్ ఇన్‌స్ట్రుమెంట్ బాక్సుల్లో రూలింగ్ పెన్ అని ఒకటుండేది, రెండు సన్న ఉక్కు రేకులు ఎదురెదురుగా, మధ్యలో ఒక స్క్రూ. ఇంజనీరింగ్ డ్రాయింగులు కంప్యూటర్లోకి పోకముందు ఇంకుతో గీతలు దాంతోనే గీసేవాళ్ళు. రెండు రేకుల మధ్య సన్న సందులో ఇంకు కారిపోకుండా నిలబడుతుంది, కాగితం తగలగానే దిగుతుంది. స్కూల్లో కేశనాళికీయత అని చదువుకున్నామే, అదే. మన శ్రీకాళహస్తి కలంకారీ కలం కూడా చూడండి, వెదురు పుల్ల మొన దగ్గర గుడ్డ లాంటిది చుట్టి దారంతో కడతారు, రంగుని ఆ చుట్టు పట్టుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొనకి దిగుతుంది. ఇంకుని కాసేపు పట్టుకుని ఉంచి కొంచెం కొంచెం వదలటం, ఏ కలానికైనా అంతే కదా పని.

కావాల్సినవి చాలా తక్కువ. ఒక అల్యూమినియం టిన్ను, మంచి కత్తెర ఒకటి, కానీ ఇంట్లో బట్టలు కత్తిరించేది మాత్రం తియ్యకండి, దాని పదును పోతుంది. ఐస్‌క్రీమ్ పుల్ల గానీ పలచగా చెక్కిన వెదురు పుల్ల గానీ, మాస్కింగ్ టేపు, 400 నంబరుదీ 800 నంబరుదీ గరుకు కాగితం చెరో ముక్క, హార్డ్‌వేర్ షాపులో ఎమరీ పేపర్ అని అడిగితే ఇస్తారు. ఇంకా ఒక కట్టర్, స్కేలు, మార్కరు, ఇంకు పొయ్యటానికి డ్రాపరు.

టిన్ను లోపల బాగా కడగండి, తీపి జిగట ఉండకూడదు. పైమూత దగ్గర, అడుగు దగ్గర గట్టిగా ఉంటుంది, ఆ రెండిటినీ వదిలేసి మధ్య గోడ మాత్రమే మనకి కావాలి. కట్టర్‌తో పక్కన చిన్న గాటు పెట్టి అందులోంచి కత్తెర దూర్చి చుట్టూ కత్తిరిస్తే పైదీ కిందదీ ఊడొస్తాయి, మధ్యలో గొట్టం మిగుల్తుంది, దాన్ని నిలువుగా ఒక కోత కోస్తే రేకు అయిపోతుంది. ఆ రేకు మందం మిల్లీమీటర్లో పదో వంతు ఉంటుందంతే, కత్తిరించిన అంచు బ్లేడు లాగే తెగుతుంది, చేతికి గ్లౌజులో మందం గుడ్డో ఉండాల్సిందే. పిల్లలకి చూపించాలనిపిస్తే కత్తిరించే పని మీరు చేసి, గీసే పని వాళ్ళకివ్వండి. కత్తిరించేటప్పుడు రాలిన సన్న ముక్కలు నేల మీద వదలొద్దు, ఇంట్లో అందరూ ఉత్తికాళ్ళతోనే తిరుగుతారుగా.

ఇప్పుడు కొలత. టిన్ను నిలువు దిక్కున 7 సెంటీమీటర్లు, చుట్టుకొలత దిక్కున 5 సెంటీమీటర్లు ఉండేట్టు ఒక ముక్క కత్తిరించండి. ఈ దిక్కు ముఖ్యం, ఎందుకంటే టిన్నుకి ముందే ఒక వంపు ఉంటుంది, ఆ వంపు దిక్కులోనే మడత పడితే రెండు రేకుల అంచులూ ఒకదానికొకటి దగ్గరికొస్తాయి, అడ్డంగా మడిస్తే మాత్రం అంచులు ఎడంగా పోతాయి. మడవకముందే లోపలి వైపు గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. టిన్నుల లోపల డ్రింకు లోహానికి తగలకుండా సన్న పూత ఒకటి ఉంటుంది, దాని మీద ఇంకు పరుచుకోదు, తామరాకు మీద నీళ్ళలా ముత్యాలు కడుతుంది. చాలామంది పెన్ను చేసి ఇంకు నిలవట్లేదని పక్కన పడేసేది దీని దగ్గరే. మెరుపు పోయి మసకబారేదాకా రుద్దితే చాలు, రేకు అరిగిపోయేంత వద్దు.

రుద్దిన వైపు లోపలికి వచ్చేట్టు పొడుగ్గా సగానికి మడవండి, అంటే 7 సెంటీమీటర్ల పొడుగు, రెండున్నర వెడల్పు. మడతని గోరుతో గట్టిగా నొక్కి చదును చెయ్యొద్దు, కొంచెం గుండ్రంగా ఉంటేనే లోపల ఇంకుకి చోటుంటుంది. మడత ఉన్న పక్కని వీపు అనుకోండి, తెరిచి ఉన్న పక్కని పొట్ట అనుకోండి. ఇప్పుడు మార్కరుతో ఆకారం గీసుకోవాలి, ముందు సగం గీసేది, వెనక సగం పుల్లకి కట్టేది. ముందు చివర ముక్కు పెట్టాలి, అయితే అది సరిగ్గా మడత మీద పడకూడదు, మడతకి 2, 3 మిల్లీమీటర్లు కిందగా ఉండాలి, మడత దగ్గర్నుంచి ముక్కుకి చిన్న ఏటవాలు కోత. ముక్కు దగ్గర రెండు రేకులూ విడిగా ఉంటేనే అక్కడ ఇంకు దిగుతుంది, మడత మీదే ముక్కు పెడితే అక్కడ మూసుకుపోయి సన్నగీత సరిగా రాదు. ముక్కు నుంచి పొట్ట వైపు వంకీ తిప్పుకుంటూ రండి, కూరగాయల కత్తి మొన దగ్గర వంపు ఎంతుంటుందో సుమారు అంత. వంపు ఎక్కువైతే పట్టీ సన్నగా వస్తుంది, వంపు తక్కువగా పొడుగ్గా ఉంటే వెడల్పాటి పట్టీ వస్తుంది. మొదటి పెన్నుకి మధ్యస్తంగా పెట్టుకోండి, తర్వాత ఇంకో టిన్నులో మీకు నచ్చిన వంపులు చేసుకోవచ్చు, ఒక్క టిన్నులో ఇట్టాంటి ముక్కలు మూణ్ణాలుగు వస్తాయి.

రెండు రేకుల్నీ కలిపి పట్టుకుని ఒకే కోతలో కత్తిరించండి, విడివిడిగా కత్తిరిస్తే ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవుతాయి, అప్పుడు పొడుగుది కాగితాన్ని గీరుతుంది, పొట్టిది తగలనే తగలదు. తర్వాత నూరుడు. 400 నంబరు కాగితం బల్ల మీద పెట్టి, పెన్నుతో రాస్తున్నట్టే దాని మీద ముక్కు నుంచి పొట్టదాకా, పొట్ట నుంచి ముక్కుదాకా అటూఇటూ లాగండి, కాసేపటికి రెండు అంచులూ సమానం అవుతాయి, తర్వాత 800 మీద మెత్తబడేదాకా. చేత్తో తాకి కాదు, గోరు మీద మెల్లగా లాగి చూసుకోండి, గోరు గీరుకుపోకుండా జారితే అయిపోయినట్టే. ఓపికంతా ఇక్కడే పెట్టండి, నూరుడు బాగుంటే పెన్ను బాగున్నట్టే, కోత కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు.

పుల్ల కట్టటం సులువే. వెనక సగంలో రెండు రేకుల మధ్య, మడతకి ఆనించి ఐస్‌క్రీమ్ పుల్ల 3 సెంటీమీటర్లు లోపలికి దూర్చి, రేకుల్ని దాని చుట్టూ తిప్పి, మాస్కింగ్ టేపు బిగుతుగా చుట్టండి. లావు పుల్ల పెడితే ముందు రేకులు నోరు తెరుచుకుంటాయి, అందుకే పలచటి పుల్ల అన్నాను. పట్టుకోవటానికి మరీ సన్నగా ఉందనిపిస్తే పుల్ల వెనక భాగానికి గుడ్డపీలికో ఇంకాస్త టేపో చుట్టుకుంటే చెయ్యి నొప్పెట్టదు. ఎడమచేతి వాటం వాళ్ళకి ఒక మంచి సంగతి, ఈ పెన్ను రెండు పక్కలా ఒకటే, కుడి ఎడమ తేడా ఏం లేదు.

ముందు నీళ్ళతో టెస్ట్ చెయ్యండి. డ్రాపరుతో పొట్ట వైపు సందులో రెండు మూడు చుక్కలు వెయ్యండి, నీళ్ళు లోపలికి పీల్చుకుని నిలబడాలి. దులిపితే తప్ప రాలకూడదు. కారిపోతుంటే సందు పెద్దదైందని, వేళ్ళతో రేకుల్ని మెల్లగా దగ్గరికి నొక్కండి. గీస్తుంటే దిగట్లేదంటే మరీ అతుక్కుపోయిందని, ఒక సన్న కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగండి. చెయ్యి కాస్త వంచితే చాలు దారికొచ్చే రేకు కాబట్టి గీస్తూ గీస్తూ కూడా సవరించుకోవచ్చు. ఇంకులో ముంచి కూడా గియ్యొచ్చు, కాకపోతే బయట అంటుకున్న ఇంకు మొదటి గీతలోనే మడుగులా దిగుతుంది, ముంచాక సీసా అంచుకి బయటి వైపు రుద్ది తియ్యాలి. నేనైతే డ్రాపరే వాడతాను.

ఇంకు విషయంలో రెండు దారులు. ఒకటి మామూలు ఫౌంటెన్ పెన్ ఇంకు, బ్రిల్, కామ్లిన్, సులేఖ ఏదైనా, ఇది నీళ్ళు తగిలితే కరుగుతుంది, గీసిన పట్టీ పక్కన తడి బ్రష్ లాగితే చక్కటి బూడిద రంగు నీడ వస్తుంది. రెండోది వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు, చిక్కటి నలుపు, ఆరాక దాని మీద వాటర్ కలర్ వేసుకోవచ్చు, చెదరదు. ఈ రెండోదాన్ని ఫౌంటెన్ పెన్నులో మాత్రం పొయ్యకండి, లోపల ఎండిపోయి దారి మూసుకుపోతుంది. టిన్ను పెన్నుకి ఆ భయం లేదు, తుడిస్తే పోతుంది, ఇదొక పెద్ద సుఖం. ఇంకు మరీ పల్చగా ఉండి జారిపోతుంటే తుమ్మ జిగురు నీళ్ళలో కరగబెట్టి ఒకట్రెండు చుక్కలు కలపండి, కాస్త చిక్కబడి నిలుస్తుంది.

కాగితం పల్చగా ఉంటే ఈ పెన్ను వదిలే ఇంకుకి తట్టుకోదు, వెనక్కి దిగిపోతుంది, అంచులు పీచుపీచుగా పాకుతాయి. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క), ఆ పైన ఉంటే నిశ్చింత. ఐవరీ షీట్ మీద గీతలు చాలా శుభ్రంగా వస్తాయి, అయితే నునుపు కాబట్టి ఆరటానికి టైం పడుతుంది, చెయ్యి ఆనించారో పాకుద్ది. గరుకు వాటర్ కలర్ పేపరు మీదైతే పెన్ను పక్కకి వాల్చి వేగంగా లాగినప్పుడు గీత తెగితెగి పడుతుంది, అది ఇంకో అందం. బెజవాడ వాళ్ళకి ఒక సులువుంది, ప్రింటింగ్ ప్రెస్సులకి కొదవలేని ఊరు కదా మనది, తెలిసిన ప్రెస్సు ఉంటే కటింగులో మిగిలిన మందం కాగితం ముక్కలు అడగండి, ప్రాక్టీసుకి అంతకన్నా ఏం కావాలి.

మొదటి పేజీలో బొమ్మ జోలికి పోవద్దు, ఊరికే చెయ్యి అలవాటు చేసుకోండి. పెన్నుని నిలబెట్టి ముక్కుతో సన్న గీతలు. తర్వాత పొట్టని మొత్తం కాగితానికి ఆనించి అడ్డంగా లాగుతూ పట్టీలు. ఆ తర్వాత అసలు మజా, ముక్కుతో మొదలుపెట్టి లాగుతూనే మెల్లగా పక్కకి వాల్చి మళ్ళీ చివర్లో లేపండి, సన్నగా మొదలై లావై మళ్ళీ సన్నబడుతుంది, అంటే ఒక్క గీతలో మామిడాకు వచ్చేసినట్టే. అట్టా ఓ గుత్తి వేస్తే మామిడి కొమ్మ, సన్నగా పొడుగ్గా వరసగా వేస్తే కొబ్బరి మట్ట. మీ పేరు తెలుగులో పెద్దగా రాసి చూడండి, గుండ్రాలకీ తలకట్లకీ పెన్ను ఎక్కడ వాలాలో ఎక్కడ లేవాలో చేతికి తెలిసిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, నొక్కకూడదు. నొక్కితే రేకులు వంగి ఇంకు ఒక్కసారిగా దిగుతుంది. గీత మందం మారేది వాలుతో, ఒత్తిడితో కాదు. వేళ్ళు కదిపితే చాలదు, మోచెయ్యి దగ్గర్నుంచి చెయ్యి మొత్తం కదలాలి, అందుకే చిన్న నోట్‌బుక్ కన్నా ఏ4 గానీ ఏ3 గానీ మంచిది.

చెయ్యి కాస్త తిరిగాక దగ్గర్లో ఉన్న పునుగుల బండి దగ్గరికి వెళ్ళండి, నిజంగా ఈ పెన్ను కోసమే పెట్టినట్టుంటుంది. బాణలి బయటి వైపు మసిబారి కటిక నలుపు, దాన్ని పొట్టతో ఒకే వంపు ఈడ్పులో పెట్టెయ్యండి. లోపల నూనె మెరుస్తుంది, అది కాగితం తెలుపుగా వదిలెయ్యాలి. బండి కింద నీడ ఇంకో రెండు పట్టీలు. ఇంతే, ఈ నలుపులు మూడు పడేసరికి బండి కళ్ళకి కనిపించేస్తుంది, ఇక ముక్కుతో గొడుగు కర్ర, చిల్లుల గరిటె, చట్నీ గిన్నె అంచు, నిలబడ్డ మనిషి భుజం, ఇవి గబగబా. పునుగులు ఒక్కోటీ గుండ్రంగా గియ్యక్కర్లా, ఒక పక్క చిన్న మచ్చ పెడితే చాలు. మనుషులు కదులుతారు, బండి కదలదు, కాబట్టి బండి ముందు.

ఇంకాస్త తీరికుంటే ఉండవల్లి గుహలు. కొండని తొలిచిన నాలుగంతస్తులు, స్తంభాలు వరసలుగా. మామూలు పెన్ను పట్టుకుంటే ఎవరైనా స్తంభాలు ఒక్కొక్కటే గీస్తూ పోతారు, చివరికి కంచెలా తయారవుతుంది. ఇక్కడ స్తంభాల్ని ముట్టుకోకండి, వాటి మధ్య చీకటి చూడండి. పగటిపూట బయట ఎండ, లోపల చీకటి, స్తంభానికీ స్తంభానికీ మధ్య నల్లటి గళ్ళు కనపడతాయి. పొట్టని పైనుంచి కిందికి లాగుతూ ఆ గళ్ళు మాత్రమే పెట్టండి, గడికీ గడికీ మధ్య వదిలిన తెల్ల కాగితమే స్తంభమైపోతుంది. గళ్ళు కొలత తప్పినా, అంచు వంకరైనా దిగులొద్దు, రాతిలో తొలిచింది కదా, ఆ వంకరే బాగుంటుంది. పైన బయటికి కూర్చుని ఉన్న ఋషుల విగ్రహాలు, సింహాలు, వాటిని ముక్కుతో రెండు మూడు గీతల్లో తేల్చి, నీడ వైపు ఒక మచ్చ పెట్టండి. కొండ పైభాగం గరుకు రాయికి పెన్నులో ఇంకు అయిపోవచ్చినప్పుడు వచ్చే ఆ తెగుడు గీతలు వాడండి, అందుకే కొత్తగా ఇంకు నింపకముందే కొండ పని చూసుకోవాలి.

ప్రకాశం బ్యారేజీ గీయటానికి సీతానగరం వైపు నుంచి చూస్తే బాగుంటుంది, బ్యారేజీ వెనకాల ఇంద్రకీలాద్రి కూడా ఫ్రేములోకి వస్తుంది. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు, పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు, మొత్తం లెక్కపెట్టి గియ్యాలనుకుంటే రోజు గడిచిపోద్ది. దగ్గరున్న నాలుగైదు గేట్ల మధ్య నీడలు పొట్టతో గట్టిగా పెట్టి, దూరం పోయేకొద్దీ పెన్ను లేపుకుంటూ వెళ్ళండి, పట్టీలు సన్నబడి గీతలై చివరికి చుక్కలైపోతాయి, దూరం దానంతటదే వస్తుంది. నీళ్ళ మెరుపుకి పెన్ను దాదాపు ఖాళీ అయ్యాక అడ్డంగా వేగంగా లాగాలి. కొండకి మాత్రం ఇంకులో నీళ్ళు కలిపిన ఇంకో చిన్న డబ్బా ఉంచుకుని, ఆ పల్చటి బూడిద రంగుతో ఒకే ఈడ్పు. దూరంగా ఉన్నదాన్ని కటిక నలుపుతో పెడితే బ్యారేజీ మీదకి ఎక్కి కూర్చున్నట్టుంటుంది. బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో నిలబడి గీసే ఆలోచన వద్దు, ఘాట్ మెట్ల మీద కూర్చోండి.

నది పక్క గాలికి కాగితం నిలవదు, అట్టకి నాలుగు మూలలా క్లిప్పులు పెట్టండి, ఇంకు సీసా మూత పెట్టకుండా మెట్టు మీద వదలకండి. మే నెల ఎండలో రేకుల మధ్య ఇంకు గీస్తుండగానే ఎండుతుంది, గీత గుచ్చుకున్నట్టు అనిపిస్తే తడిగుడ్డతో ఒకసారి తుడిచి మళ్ళీ నింపండి, పొద్దున ఏడులోపు వెళ్ళగలిగితే ఈ గోలే ఉండదు. వానాకాలంలో తిరగబడుతుంది, ఎంతకీ ఆరదు, పేజీ మూసే ముందు పల్చటి కాగితం ఒకటి మధ్యలో పెట్టుకోండి.

మొహాలు, నగలు, పట్టుచీర అంచు లాంటి పనితనానికి ఈ పెన్ను సరిపోదు, దానికి ఇంకులో ముంచి రాసే మామూలు పాళీ కలం, అదే డిప్ పెన్నే పట్టండి. రెండూ కలిపి వాడినా తప్పేం లేదు, నలుపంతా దీంతో పెట్టి, కళ్ళూ ముక్కూ సన్న పెన్నుతో పూర్తిచెయ్యొచ్చు.

పని అయ్యాక రేకుల మధ్య నీళ్ళు పోసి, పాత గుడ్డ అంచు సందులోంచి లాగి తుడవండి. వాటర్‌ప్రూఫ్ ఇంకు వాడినరోజు ఇది అక్కడికక్కడే చెయ్యాలి, ఇంటికొచ్చాక చూద్దాంలే అంటే గట్టిపడుతుంది, అప్పుడు కాసేపు సబ్బు నీళ్ళలో నానబెట్టాలి. ముక్కు వంగకుండా పాత టూత్‌బ్రష్ డబ్బాలో పెట్టుకుంటే సంచిలో భద్రంగా ఉంటుంది. వాడగా వాడగా అంచు అరిగి గీత మొద్దుబారితే 800 కాగితం మీద కాసేపు రుద్దండి, రేకు మరీ నలిగిపోతే టేపు విప్పి అదే పుల్లకి కొత్త ముక్క కట్టుకోండి.